ఖాళీ పాడె

మాలకొండమ్మ మొగుడు పోయిన రాత్రే మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు కూడా పోయారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. చావుకు మనం పెట్టే ముహూర్తం ఏముంటుంది! కానీ మర్నాడు ఆత్మకూరు బజారులో జరిగిన భాగోతమంతా ఆ రెండూ ఒక్క రాత్రే రావడం వల్ల జరిగింది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

శ్రీరాములుగారి గురించి కొత్తగా చెప్పేదేముంది? ఆంధ్రులకు వేరే రాష్ట్రం కావాలని అన్నం మానేసి ప్రాణం విడిచాడు. పిల్లల పాఠాల్లో ఉంది, ఊరూరా విగ్రహాల కింద ఉంది. మాలకొండమ్మ మొగుడి గురించి మాత్రం ఎక్కడా లేదు. ఎందుకుంటుంది? ఆయన చేసిందల్లా బజారుకు కావిడితో మంచినీళ్లు మొయ్యడం. ఊళ్లో బావుల నీళ్లన్నీ ఉప్పు. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, వాటితో కాచిన టీ నోట్లో పెట్టుకోలేం. ఊరి బయట తోటబావి నీళ్లు ఒక్కటే తియ్యన. పొద్దు పొడవకముందే ఆ నీళ్లు కావిడికెత్తుకుని హోటలుకూ కొట్లకూ తెచ్చి పోసేవాడు. బజారంతా ఆయన్ని కావిడాయన అనేది. పిలవడానికి అంతకన్నా ఏం కావాలి? ఆయన కూడా నా పేరు ఫలానా అని ఎవరితోనూ చెప్పుకోలేదు. అడిగితే గదా చెప్పడానికి!

మరి పెళ్లాం ఏమని పిలిచేది అంటారా? మొగుడి పేరు పెళ్లాం నోటితో అనకూడదు. అంటే మొగుడికి ఆయుష్షు తగ్గుతుంది. మాలకొండమ్మ కాపరానికి వచ్చిన నాటి నుంచీ "ఏమయ్యో" అనీ, "ఇదిగో నిన్నే" అనీ పిలిచేది. కోపం వస్తే "ఓ పెద్దమనిషీ" అనేది. నోటి దురుసు మనిషి, వీధిలో ఎవర్నీ లెక్కచేసే రకం కాదు. అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఏనాడూ నోరు జారలేదు. ఆమె చెప్పని పేరు నేను ముందుగా చెప్పడం మర్యాద కాదు గనక నేనూ ప్రస్తుతానికి చెప్పను.

వాళ్లది మర్రిపాడు. వానలు మొహం చాటేసి, మెట్ట చేలు బీళ్లు పడి, ఉన్న నాలుగు గొర్రెలూ కళ్లముందే చచ్చిపోయిన ఏడు మొగుడూ పెళ్లాలు కట్టుగుడ్డలతో ఆత్మకూరు వచ్చి పడ్డారు. పిల్లాపీచూ లేరు. ఆయన తమ్ముడు వరదయ్య, దాయాదులు అందరూ మర్రిపాడులోనే ఉండిపోయారు. ఆత్మకూరులో వీళ్లకు తెలిసినవాళ్లు ఊరంతా ఉన్నారు గానీ అయినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆయన దగ్గుతో పడుకున్నాడు, జ్వరం కాసింది, కషాయం తాగాడు, పోయాడు. పోవడంలో కూడా ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. తెల్లారాక మాలకొండమ్మ పక్కింటి నాగేశ్వరమ్మను శవం దగ్గర కూర్చోబెట్టి, తాను పెంచలనరసయ్య హోటలుకు వెళ్లింది. బస్టాండు ముందున్న ఆ హోటలుకే ఆయన అందరికన్నా ముందు నీళ్లు పోసేవాడు.

"ఈపొద్దు నీళ్ళు రావు నరసయ్యా," అంది.

"ఏం, జొరం ఇంకా తగ్గలేదా?"

"తగ్గింది. ఇంక రాదు."

నరసయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. మాట అర్థమయ్యేసరికి ఆయనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమెకు మాత్రం రాలేదు. రాత్రి నుంచీ రాలేదు. ఎందుకో ఆమెకే తెలియదు.

"నువ్వు ఇంటికాడుండు తల్లీ," అన్నాడు నరసయ్య. "మర్రిపాడు పొయ్యే బస్సాయనకి చెప్పి పంపిస్తా. మీ మరిది వాళ్ళు మధ్యాన్నం బస్సుకి దిగిపోతారు. పాడె మొయ్యను నలుగురుంటే చాలు గదా, వాళ్ళే వస్తారు. నేనూ వస్తా."

ఆ భరోసాతో ఆమె ఇంటికి వెళ్లిపోయింది. వీధిలో మగవాళ్లు ఉంటే ఈ బాధ కూడా ఉండేది కాదు. కాస్త ఒళ్లు వంచగలిగినవాళ్లంతా సంగం ఊరి పక్క కాలవ పనులకు పోయి ఉన్నారు. మిగిలింది ముసలివాళ్లూ ఆడవాళ్లూ పిల్లలూ.

ఆమె అటు వెళ్లిందో లేదో నెల్లూరు బస్సు వచ్చింది. డ్రైవరు దిగి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "శ్రీరాములుగారు పొయ్యినారంట," అన్నాడు. నెల్లూరులో జనం రోడ్ల మీదికి వచ్చేశారనీ, రైళ్లు ఆగిపోయాయనీ చెప్పాడు. బస్సును రోడ్డుకు అడ్డంగా పెట్టి, ఇక ఏ బస్సూ కదలదన్నాడు. మర్రిపాడు బస్సు అప్పటికి ఇంకా బయల్దేరలేదు. అదీ అక్కడే ఆగిపోయింది.

బజారు మూతపడింది. నరసయ్య పొయ్యిలో నీళ్లు కొట్టి, హోటలు తలుపులు వేసి, అందరితోపాటు బజారు నడుమకు వచ్చి నిలబడ్డాడు. అందరూ ఏడుస్తుంటే తానూ ఏడ్చాడు. ఆ ఏడుపులో కావిడాయన సంగతి మరుపున పడింది. నరసయ్య చెడ్డవాడని కాదు నేననేది. ఊరంతా ఒక వైపు తిరిగి చూస్తున్నప్పుడు ఎవరైనా అటే చూస్తారు.

అక్కడ మాలకొండమ్మ ఎదురు చూస్తోంది. శవానికి స్నానం చేయించారు. పెట్టె అడుగునున్న కొత్త పంచె కప్పారు. మధ్యాహ్నం బస్సు వేళ దాటింది. మరిది రాలేదు, నరసయ్యా రాలేదు. శవం లేచేదాకా చుట్టుపక్కల ఇళ్లలో పొయ్యి వెలిగించకూడదు. నాగేశ్వరమ్మ పిల్లలకు బొరుగులు పెట్టింది. అవీ అయిపోయాయి. చిన్నది అన్నం అన్నం అని ఏడుస్తోంది. నాగేశ్వరమ్మ పాపం పైకి ఏమీ అనలేదు గానీ, ఊరికే లేచి వీధిలోకి చూసి మళ్లీ వచ్చి కూర్చుంటోంది.

"ఇట్టా కూచుంటే పొద్దు గూకిపోతాది," అని లేచింది మాలకొండమ్మ. "నలుగుర్ని నేనే తెచ్చుకుంటా."

"అయ్యో, నువ్వు పోకూడదక్కా! మనిషి ఇంట్లో ఉండంగా గడప దాటొచ్చునా?"

"ఆయన ఏమీ అనుకోడులే," అని ఆమె కొంగు తలమీదికి లాక్కుని బయల్దేరింది.

బజారులోకి మలుపు తిరగ్గానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. సుందరరామయ్య కిరాణా కొట్టు ముందు పాడె కడుతున్నారు. పచ్చి వెదుళ్లు, కొత్త తాడు, కింద గడ్డి పరుపు. పక్కన బుట్టల నిండా బంతిపూలు, చామంతులు. చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం. కొట్లన్నీ మూసి ఉన్నాయి. మగవాళ్లు తలలు దించుకుని నిలబడి ఉన్నారు. నరసయ్య ఒక పక్కన నిలబడి కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

ఆమె ఏమనుకుంటుంది, మీరే చెప్పండి! పొద్దున తాను చెప్పింది నరసయ్యకు ఒక్కడికే. నరసయ్య బజారుకు చెప్పాడు. బజారు కొట్లు మూసి ఆమె మొగుడికి పాడె కడుతోంది. మద్రాసు కబురు ఆమె వీధిదాకా రానే లేదు. రాత్రి నుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కట్టలు తెంచుకుని వచ్చింది. జనం మధ్యలోంచి తోసుకుంటూ పోయి, పాడె దగ్గర కూలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"మీ కడుపులు చల్లగుండ! ఎవురూ రారేమో అనుకున్నా నాయనా. ఇంటికాడ కూచోని మిమ్మల్ని ఎన్ని తిట్టుకున్నానో! రోజూ వచ్చి నీళ్ళు పోసి పొయ్యేవాడే, మనిషి మొహమైనా గెవనం ఉంటాదో లేదో అనుకున్నా. ఇన్ని పూలు తెచ్చినారే! ఆయనకి పెళ్ళిలో కూడా ఇన్ని పూలు లేవు..."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుందరరామయ్య మంచి వర్తకుడు, మనిషి మొహం చూసి బేరం పసిగట్టగలడు. ఆయనకే ఏమీ అర్థం కాలేదు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరికోసం ఏడస్తా ఉండావు?"

నరసయ్యకు అప్పుడు తట్టింది. తట్టగానే మొహం పాలిపోయింది. గబగబా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నన్ను చెప్పుతో కొట్టినా తప్పు లేదు. బస్సులు ఆగిపొయ్యినాయి. మీవాళ్ళకి కబురు పోలేదు. ఈ గోలలో నేను నీ సంగతే మరిసిపొయ్యినా. ఈ పాడె మీ ఆయనకి గాదు తల్లీ. శ్రీరాములుగారికి."

"ఏ శ్రీరాములుగారు?"

దానికి జవాబు చెప్పే భాగ్యం అంకారావు మాస్టరుకు దక్కింది. మాస్టరుది ఉదయగిరి. అక్కడి కొండ మీది కోటను ఏ రాజు ఎప్పుడు ముట్టడించాడో ఆయనకు కంఠతా వచ్చు. ఉపన్యాసమంటే పడిచస్తాడు. ఆయన గొంతు సవరించుకుని, మహానుభావుడి త్యాగమూ, ఆంధ్రుల దుఃఖమూ ఏకధాటిగా చెప్పుకొచ్చాడు. అక్కడ మద్రాసులో దహనం జరిగే వేళకు ఇక్కడ కూడా పాడె మీద ఆయన పటం పెట్టి కాటిదాకా ఊరేగిస్తామని ముగించాడు.

మాలకొండమ్మకు సిగ్గుతో చచ్చినంత పనయింది. నడిబజారులో, ఎవరి పాడె ముందో కూర్చుని, ఊరంతా చూస్తుండగా ఏడ్చింది. భూమి చీలితే దూరిపోదును అనిపించింది. చీలలేదు. చెయ్యి నేలకు ఆనించి లేచింది. లేచి కళ్లు తుడుచుకుని పాడె వైపు ఇంకోసారి చూసింది.

"అయితే ఇందులో పండుకునేది ఎవురు?"

"ఎవరూ పడుకోరు. పటం పెడతాం," అన్నాడు మాస్టరు.

"ఉత్త పాడె ఎత్తతారా?" ఆమె నిజంగానే బెదిరిపోయింది. "మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు ఎవురూ లేరా నాయనా? పాడె భుజాల మీదికి లేసిందంటే ఉత్తగా పోదు. కాటిదాకా పోయేలోపల తనకో మనిషిని..." అని నాలిక కరుచుకుంది. "నాకెందుకులే. మీరు చదువుకున్నోళ్ళు."

ఆమె ఎత్తు వేసి అనలేదు. చిన్నప్పటి నుంచీ విన్న మాట, నోటికొచ్చింది, అంది. కానీ పాడె కొమ్ములు పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడిన నలుగురూ ఆ మాట విన్నారు. ముందు వైపు నిలబడిన మిల్లు హమాలీ మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా పెళ్ళాం కడుపుతో ఉండాది," అన్నాడు. "కడుపుతో ఉన్నదాని మొగుడు పాడె మొయ్యకూడదంట."

"ఆ మాట పొద్దున తెలవదా రా?" అని గుడ్లురిమాడు మాస్టరు.

"పొద్దున గెవనం రాలా."

రెండోవాడికి భుజం మీద కురుపు లేచిందట. మూడోవాడు ఇప్పుడే వస్తానని చెప్పి సందులోకి పోయాడు. నాలుగోవాడు ఒక్కడే ఏం మోస్తాడు? మాస్టరు మండిపడ్డాడు. ఇవన్నీ మూఢనమ్మకాలన్నాడు, ఆంధ్రజాతి ఇందుకే వెనకబడిందన్నాడు.

"అయితే మీరో కొమ్ము పట్టండి మాస్టరూ," అని గుంపులోంచి ఎవరో అన్నారు.

"నేను ఉపన్యాసం ఇయ్యాల," అన్నాడు మాస్టరు. అంత దుఃఖంలోనూ కొందరు కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సుందరరామయ్య ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఇక్కడ పాడె ఉంది, మనిషి లేడు. అక్కడ మనిషి ఉన్నాడు, పాడె లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఒకచోట ఉన్నదాన్ని లేనిచోటికి చేర్చడమే ఆయన వ్యాపారం.

"మీ ఇల్లు యాడమ్మా?" అన్నాడు.

మాలకొండమ్మ చెప్పింది.

"స్నానం అదీ చేయించినారా?"

"అంతా అయింది నాయనా. మొయ్యను నలుగురు లేక పండుకోబెట్టుకోనుండా. వీధిలో పిలకాయలు పస్తుండారు."

"అయితే ఈ పాడె మీదనే పోనీ. ఉత్త పాడె అనే బాధా తీరిపోతాది. ఏమంటారు మాస్టరూ?"

మాస్టరు ఎగిరిపడ్డాడు. "ఏందండీ ఇది! ఆంధ్రదేశమంతా కన్నీరు పెట్టుకునే వేళ, ఆ మహాత్ముడి పాడె మీద... నీళ్ళు మోసేవాణ్ణి పడుకోబెట్టేదా? రేపు చరిత్ర ఏమంటాది మనల్ని?"

నరసయ్య ఎప్పుడూ మాస్టరుకు ఎదురుచెప్పినవాడు కాదు. ఆ రోజు చెప్పాడు. "మీ ఉదయగిరి కోట మీద రాజులు ఏం తాగి బతికినారు మాస్టరూ? కొండ మీదికి ఎవురో ఒకరు నీళ్ళు మోసుంటారు గదా. ఆయన తెచ్చిన నీళ్ళతో టీ కాచుకొని బతికినోణ్ణి నేను. నిప్పుకుండ నేను పట్టుకుంటా, కొరివి కూడా నేనే పెడతా. మీరు అవునన్నా సరే, కాదన్నా సరే."

మాలకొండమ్మ మాస్టరు దగ్గరగా వచ్చింది. ఆమెకు మాస్టరు మీద కోపం రాలేదు. పొద్దు వాలిపోతోందన్న దిగులు తప్ప ఆమెకు ఇంకేమీ లేదు.

"ఆ పెద్దాయనకి ఏ తక్కువా రానియ్యొద్దు నాయనా. పటం నీ ఇష్టమొచ్చిన కాడ పెట్టుకో. మా ఆయన మీద పూలు కప్పెయ్యి, మనిషే కనపడడు. నీ ఉపన్యాసానికి అడ్డం రాడు. బతికుండంగానే ఎవురికీ ఎదురు మాట చెప్పినోడు కాదు."

మాస్టరుకు తల్లి ఉంది, ఉదయగిరిలో, ఇదే వయసు. "కానీండి మరి," అన్నాడు మొహం పక్కకు తిప్పుకుని.

చెప్తే నమ్మరు గానీ, పాడెలో మనిషి ఉంటాడనగానే మోసేవాళ్లు పది మంది తయారయ్యారు. భుజం మీది కురుపు కూడా మాయమైంది. హమాలీ ఒక్కడే, పెళ్లాం కడుపుతో ఉన్న మాట నిజమే గనక, పూలబుట్ట పట్టుకున్నాడు.

అలా ఆత్మకూరు పాడె మాలకొండమ్మ ఇంటికి వచ్చి, ఆమె మొగుణ్ణి ఎత్తుకుంది. మెడదాకా పూలు కప్పారు. తలవైపు పేపర్లోంచి కత్తిరించి అద్దం కట్టించిన శ్రీరాములుగారి బొమ్మ నిలబెట్టారు. ముందు నరసయ్య నిప్పుకుండతో నడిచాడు. పాడె అటు లేవగానే ఇటు నాగేశ్వరమ్మ వాకిలి కడిగి, పొయ్యి ముట్టించి, అత్తెసరు పడేసింది.

బజారులోకి వచ్చేసరికి జనం ఇంకా పెరిగారు. చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా వచ్చారు. "పొట్టి శ్రీరాములుగారికీ..." అని మాస్టరు గొంతెత్తితే "జై!" అని వందల గొంతులు లేచేవి. మిద్దెల మీది నుంచి పూలు చల్లారు. ముసలమ్మలు గడపల్లోకి వచ్చి చెంబులతో నీళ్లు వారపోశారు.

మాలకొండమ్మ పాడె వెనకే నడిచింది. ఆడవాళ్లు దింపుడు కళ్లం దాకా రావచ్చు. అక్కడినుంచి వెనక్కి తిరిగిపోవాలి. కాసేపు ఆమెకు గొప్పగానే అనిపించింది. కావిడి కిర్రుకిర్రుమంటూ ఏ గోడవారగానో నడిచిపోయే మనిషి ఈరోజు నడిరోడ్డు మీద, అందరి తలల పైన పోతున్నాడు. చూస్తున్నావా ఓ పెద్దమనిషీ, అనుకుంది లోపల. కానీ బజారు దాటేసరికి ఆ గొప్ప కాస్తా కరిగిపోయి, దిగులు మొదలైంది.

ఎన్నిసార్లు జై కొట్టినా అది ఆయనకు కాదు. ఆ పెద్దాయన మీద ఆమెకేం కక్ష? మహానుభావుడే, తిండి మాని చచ్చిపోయాడు, అంత పని ఎవరు చేస్తారు? కొట్టనీ జై. ఆమె దిగులు అది కాదు. కాటికి పోయే దారిలో శవాన్ని ఒకసారి నేలకు దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా కొట్టుకుంటుంటే ఆ పిలుపుకు లేచి వస్తుందని ఆశ. రాకపోయినా, పోయే మనిషికి తన పేరు వినపడుతుంది. అదే కడసారి వినడం. మరి ఇక్కడ ఇంతమంది ఇంకొకరి పేరు పిలుస్తుంటే ఆయన ఏమనుకుంటాడు? ఎవర్నో పిలుస్తున్నారు, మనల్ని కాదులే అని పడుకుండిపోతాడు. ఆయన తత్వమే అంత. హోటల్లో పెళ్లి ఫలహారాలు పంచినా, ఎవరో చెయ్యి పట్టి లాగితే తప్ప ముందుకొచ్చేవాడు కాదు.

ఊరు దాటాక దింపుడు కళ్లం వచ్చింది. పాడె దించారు. సుందరరామయ్య పద్ధతి తెలిసిన మనిషి.

"చెవిలో పిలవాల," అన్నాడు. "ఎవురు పిలస్తారు?"

"నేనే," అన్నాడు నరసయ్య. నిప్పుకుండ కింద పెట్టి, మొహం మీది పూలు తొలగించి, చెవి దగ్గరికి వంగి, అలాగే ఉండిపోయాడు. తర్వాత తలెత్తి సుందరరామయ్య వైపు చూశాడు. "పేరేంది?"

"నన్నడిగితే? నీకు తెలవదా?"

"కావిడాయన అంటా నేను."

మోసినవాళ్లను అడిగారు. వాళ్లూ కావిడాయనే అన్నారు. పక్కనున్నవాళ్లను అడిగారు. ఒకడు మర్రిపాడాయన అన్నాడు. ఆయన నీళ్లు తాగని మనిషి ఆ గుంపులో లేడు. పేరు తెలిసిన మనిషీ లేడు. నరసయ్య తల దించుకుని మాలకొండమ్మ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆయన పేరు చెప్పు. నేను పిలస్తా."

ఇంతకాలం అనని మాట, నోరు ఎలా తిరుగుతుంది? ఆడవాళ్లు చెప్పే పద్ధతిలో చెప్పింది. "తిరపతి కొండ మీద సామి గదా... ఆ సామి పేరే."

"శీనయ్యా?"

కాదని తల ఊపింది.

"తిరుపాలా? గోవిందయ్యా? ఏడుకొండలా?"

ఏదీ కాదు. స్వామికి వెయ్యి పేర్లు. నరసయ్య ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆమె తల ఊపుతూనే ఉంది. అటు పాడె ముందు మాస్టరు ఇదేమీ గమనించలేదు. ఇదే ఊరేగింపుకంతా ముఖ్యమైన ఘట్టమని ఆయన పొద్దున్నే అనుకుని పెట్టుకున్నాడు. పటం ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ చాచి, "శ్రీరాములుగారూ!" అని ఎలుగెత్తి పిలిచాడు. మనసులోంచే వచ్చింది ఆ పిలుపు, అబద్ధం చెప్పకూడదు. జనం గొల్లుమన్నారు. మాస్టరు రెండోసారి పిలిచాడు.

అయిపోతోంది. ఇంకొక్క పిలుపు, ఆ తర్వాత పాడె లేస్తుంది. మాలకొండమ్మ పాడె వైపు ఒక అడుగు వేసింది. పేరు అంటే ఆయుష్షు తగ్గుతుంది. ఎవరి ఆయుష్షు? తగ్గడానికి ఇంకేం మిగిలింది అక్కడ? ఎన్నేళ్లు దాచి దాచి కాపాడింది, అయినా పోనే పోయాడు. ఆమె నరసయ్యను పక్కకు నెట్టి, పాడె పక్కన మోకాళ్ల మీద పడింది. పూలు రెండు చేతులతో తోసేసింది. చెవికి నోరు ఆనించింది.

"వెంగయ్యా," అంది. ఆమెకే వినపడనంత మెల్లగా.

ఇంకాస్త గట్టిగా మళ్లీ అంది. "వెంగయ్యా!"

అది దగ్గరున్నవాళ్లకు వినపడింది. సుందరరామయ్య చెయ్యెత్తాడు. ముందు వరసల్లో చప్పుడు ఆగింది. మూడో పిలుపుకు నోరు తెరిచిన మాస్టరు అలాగే ఇటు తిరిగి చూశాడు. మాలకొండమ్మ ఆకాశం వైపు తలెత్తి, రాత్రి నుంచీ లోపలున్నదంతా, కాపరానికొచ్చిన నాటి నుంచీ లోపలున్నదంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది.

"వెంగయ్యా!"

వెనకనున్నవాళ్లకు ముందేం జరుగుతోందో ఏం కనపడుతుంది? మధ్యాహ్నం నుంచీ పేరు వినపడ్డప్పుడల్లా వాళ్లు చేస్తున్న పని ఒక్కటే. ఆ పనే చేశారు. వందల గొంతులు ఒక్కసారిగా "జై!" అన్నాయి.

వెంగయ్య లేవలేదు. లేవడని ఆమెకూ తెలుసు. చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, తోసేసిన పూలు మళ్లీ సర్ది, లేచి నిలబడింది. "ఇంక తీసకపోండి నాయనా," అంది. మాస్టరు వచ్చి ముందు వైపు కొమ్ము ఒకటి భుజానికెత్తుకున్నాడు. మాలకొండమ్మ ఇంటిదారి పట్టింది.

తర్వాత బస్సులు కదిలాయి. వరదయ్య మర్రిపాడు నుంచి తల బాదుకుంటూ వచ్చాడు. పెద్ద దినానికి పిలవడానికి వదినా మరిదీ హోటలుకు వెళ్లేసరికి నరసయ్య పేపరు చేతబట్టుకుని చిందులు తొక్కుతున్నాడు. ఆత్మకూరు సంగతి పేపర్లో పడింది. అమరజీవి మృతికి సంతాపంగా ఆత్మకూరు పౌరులు ఖాళీ పాడెతో పెద్ద ఊరేగింపు జరిపారనీ, దింపుడు కళ్లం వద్ద జనం శోకసముద్రంలో మునిగిపోయారనీ రాశారు.

"ఖాళీ పాడె అంట! చూసినావా తల్లీ! ఎవుడు రాసినాడో గానీ..."

"రాసుకోనీ," అంది మాలకొండమ్మ. "మోసినోళ్ళ భుజాలకి తెలుసులే, ఖాళీనో కాదో."

"అట్టా ఎట్టా ఊరుకుంటాం? మాస్టరు కూడా బాధపడతా ఉండాడు. ఆయన చేత పేపరోళ్ళకి రాయిస్తా. ఆ పాడె మీద మా కావిడాయన ఉన్నాడు అని..."

"కావిడాయనేంది నరసయ్యా? వెంగయ్య. మర్రిపాడు వెంగయ్య."

పక్కనున్న వరదయ్య ఉలిక్కిపడి వదిన మొహంలోకి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు. నరసయ్యకు సరిగా వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పింది.